నడుమ మిగిలిన బొంత

అత్తమ్మా,

నీ సంవత్సరీకం దగ్గర పడింది. పొద్దున్నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. చివరికి కుట్టు మిషన్ కొందామని దమ్మపేటలో సత్తుపల్లి బస్సెక్కాను. మనవరాలి కోసం మొదలుపెట్టి నువ్వు సగంలో వదిలేసిన బొంతను సంచిలో పెట్టుకున్నాను.

షాపులో చవక మిషన్ సూది నీ పాత చీరల మడతల్లో దిగలేక ఆగిపోయింది. ఖరీదైనదేమో పువ్వులూ లతలూ కుడుతుందట, మనకెందుకు? మధ్యరకం దాంట్లో సూది పక్కన బొంతను చుట్ట చుట్టి దూర్చేంత జాగా ఉంది. అదే నచ్చింది. అయినా లేస్తున్నాను, కూర్చుంటున్నాను, మళ్లీ మొదటిదాని దగ్గరికే పోతున్నాను.

షాపాయన బొంత పరిచి చూశాడు. నువ్వు అంచు నుంచి చుట్టూ కుట్టుకుంటూ లోపలికి వచ్చావు కదా, నడుమ అట్లాగే మిగిలిపోయింది. నీ సూది దారంతో సహా నువ్వు ఆపిన చోటే గుచ్చి ఉంది.

"గిట్ల కాదమ్మా. మిషన్ మీద నడుమ నుంచి బయటికి కుట్టాలె. లేకుంటే ముడుతలు పడ్తయ్. ఈ చేతికుట్లన్నీ విప్పేద్దాం," అంటూ కత్తెర అందుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. బొంత లాక్కున్నాను.

"ముడుతలు పడితే పడనియ్ అన్నా. ఒక్క కుట్టు కూడ ముట్టకు."

మధ్యరకం మిషనే ఇంటికొచ్చింది. నీ మంచం పక్కన పెట్టాను. షాపాయన చెప్పినట్టే నడుమ నుంచి మొదలుపెడతాను. నీ సూది మాత్రం తీయను. నువ్వు లోపలికి వస్తూ ఆగిన చోటు దాకా నేను బయటికి వస్తాను, అత్తమ్మా.