వరండా వార్డు

పిన్నికి నమస్కారాలు.

మొన్న మీ ఇంట్లో పడుకున్నప్పుడు బాబాయి తలగడ పక్కన పాత అలారం గడియారం చూశాను. చీకట్లో అంకెలు పచ్చగా మెరుస్తున్నాయి. ఆ పూత రేడియం. మా ప్రయోగశాలలో నేను రోజూ కొలిచేది అలాంటి వాటినుంచి వచ్చే రేడియేషనే. కంగారు పడకు. విప్పకుండా, పగలకుండా, మంచానికి దూరంగా పెడితే చాలు.

నీ అక్క కూతురు

తా.క. అది బాబాయి వాళ్ళమ్మగారి గడియారం. ఆయనకి మెల్లిగా చెప్పు.

అమ్మాయికి ఆశీస్సులు.

ముప్పయ్యేళ్ళు అంటురోగాల వార్డులో సిస్టరుగా చేసినదాన్ని, నాకు చెప్పాలా? గడియారాన్ని వరండా చివర గూట్లో వేరుగా పెట్టి తెర కట్టాను. దాన్ని తాకిన తలగడ, కళ్ళజోడు కూడా అక్కడే. ఎవరైనా చూడాలంటే సాయంత్రమే రావాలి. ఆ టిక్కుటిక్కు వినపడకపోతే మీ బాబాయికి నిద్ర పట్టదట. నాతో మాటలు మానేశారు. నాకు దిగులుగా ఉంది. అయినా వార్డంటే వార్డే.

పిన్ని

తా.క. గడియారానికి జ్వరం లేదు. రోజూ చూస్తున్నాను.

పిన్నీ,

ఇది అంటుకునే జబ్బు కాదు. ముందు ఆయన కళ్ళజోడు ఆయనకిచ్చెయ్. ఇలాంటి రేడియేషన్ రవ్వంత అన్నిట్లోనూ ఉంటుంది. మీ పాత ఆకుపచ్చ గాజు గిన్నెలో, వంటగట్టు రాతిలో, అరటిపండులో, చివరికి మన ఒంట్లో కూడా. బాబాయి ఒంట్లోనూ ఉంది. దానివల్ల ఏమీ కాదు. నా మూలంగా మీరిద్దరూ మాట్లాడుకోకపోతే నాకు అన్నం సహించదు.

నీ అమ్మాయి

తా.క. పొగ వస్తే మోగే యంత్రంలోనూ చిటికెడు ఉంటుంది. దాన్ని మాత్రం కదిలించకు.

అమ్మాయీ,

బాబాయి ఒంట్లో ఉందని ఇప్పుడా చెప్పడం? వెంటనే ఆయన్నీ వరండాలో చేర్చాను. గాజు గిన్నె, అరటిపండ్లు కూడా. వంటగట్టు రాయి పెకలించమంటే మేస్త్రీ దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. మీ బాబాయి బుద్ధిగా వచ్చి పడుకున్నారు. గడియారం చప్పుడు వింటూ హాయిగా గురక పెట్టారు. లోపల నాకు మాత్రం కంటిమీద కునుకు లేదు.

మళ్ళీ నీ ఉత్తరం తీశాను. మన ఒంట్లో అన్నావు. అంటే నా ఒంట్లోనూ అన్నమాట. నా వార్డులో ఎవరికీ మినహాయింపు లేదు. నా మంచం కూడా వరండాలోకి లాక్కుని ఆయన పక్కనే వేసుకున్నాను.

ఇన్నాళ్ళకు నోరు విప్పి, “డిశ్చార్జి ఎప్పుడు సిస్టర్?” అన్నారు.

“నేను చెప్పినప్పుడు,” అన్నాను. చాలా సంతోషమేసింది.

పిన్ని

తా.క. పొగ యంత్రాన్ని కదపలేదు. డ్యూటీలో ఉన్నవాళ్ళను నేను చేర్చుకోను.

ఇంకో తా.క. నీ ఒంట్లోనూ ఉందిగా. మూడో మంచం వేయించాను, సెలవు పెట్టి రా.