తొందరపడ్డ గిటారు

చిరంజీవి పెద్దోడికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మన బ్యాండు వాళ్లూ ఒంట్లో బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, అమ్మా, కోడలూ, నా మనవరాలు పిడుగూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. జవాబు రాయనిది బద్ధకంతో కాదు, భయంతో.

ముందు తేలిక ప్రశ్నలకు జవాబులు. చలి గట్టిగానే ఉంది. నువ్విచ్చిన స్వెటర్ వేసుకునే స్టేజి మీద గిటార్ వాయిస్తున్నాను. బట్టలుతికే దుకాణం పైన మాకు గది ఇచ్చారు. కింద యంత్రాలు తిరుగుతున్నంతసేపూ పైన మా మంచాలు వణుకుతుంటాయి. "అద్దెలో మసాజు కూడా కలిపారోయ్" అంటున్నాడు మీ కీబోర్డు బాబాయ్. కచేరీలకు జనం వస్తున్నారా అని అడిగావు. మొదటి రోజు నలభై మంది, నిన్న హాలు నిండిపోయింది. పరాయి దేశంలో మనం వాయించే రెగే సంగీతం ఎవరు వింటారని వెక్కిరించిన నోళ్లు మూతపడ్డాయి. మోకాలి మందు మానొద్దని అమ్మకు చెప్పు.

ఇక నీ చివరి ప్రశ్న. పిడుగు ఇంట్లో గిన్నె గానీ డబ్బా గానీ వదలకుండా వాయిస్తోందనీ, డ్రమ్స్ క్లాసులో చేర్పించమని కోడలు పోరుతోందనీ రాశావు. "నా కూతురే కదా నాన్నా, దానికీ నాలాగే లయ నిలవదేమో. నలుగురిలో నవ్వులపాలు కావడం ఎందుకు? నువ్వు వద్దంటే మానేస్తాను" అన్నావు. ఆ మాట దగ్గరే ఉత్తరం మడిచి పెట్టెలో పెట్టేశాను.

మన డ్రమ్మర్ జ్వరంతో రాలేకపోయాడు కదా, ఇక్కడి పెద్దాయన్ని ఒకర్ని కుదిర్చారు. కొత్త డ్రమ్మర్ ఎవరొచ్చినా నేను చేసే పని ఒకటుంది, నీకు తెలియదు. ఆరేళ్ల కిందట రిహార్సల్లో నువ్వు వాయించిన టేపు వినిపించి, "ఇదిగో, ఇలా మాత్రం వాయించకూడదు" అంటాను. అవును రా, నిన్ను బ్యాండులోంచి తీసేసింది చాలక, నీ తప్పును పాఠంగా పెట్టుకున్నాను. ఇంతకుముందు నలుగురు డ్రమ్మర్లకు వినిపించాను. నలుగురూ తలూపారు. బ్యాండు నాయకుణ్ని కాదని పని పోగొట్టుకునేదెవరు?

ఈ పెద్దాయన తలూపలేదు. కళ్లు మూసుకుని రెండుసార్లు విన్నాడు. "ఈ అబ్బాయి ఎంచక్కా ఆగుతున్నాడు. నాలుగు దెబ్బల తాళంలో మొదటి దెబ్బ ఖాళీగా వదిలేసి మూడో దెబ్బకి దిగుతున్నాడు. రెగేకి ప్రాణం అదే కదా. తొందరపడుతున్నది గిటారు" అన్నాడు. ఆ టేపులో గిటార్ నాదే. మనవాళ్లంతా బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్లందరికీ ఎప్పుడో తెలుసని నాకప్పుడు అర్థమైంది.

ఇంతవరకు రాసి ఊరుకుంటే పెద్దమనిషిననిపించుకునేవాణ్ని. కానీ నాకూ తెలుసు రా. నిన్ను అందరి ముందూ "తాళం లేని వెధవా" అని తిట్టిన సాయంత్రమే ఆ టేపు ఒంటరిగా విన్నాను. రెండోసారి వినేసరికి తప్పు నాదేనని తేలిపోయింది. చెబుదామనే కిందికి వచ్చాను. నువ్వు డ్రమ్స్ విప్పి గుడ్డల్లో చుడుతున్నావు. నన్ను చూసి, "నా వల్ల కాదులే నాన్నా, నువ్వన్నదే నిజం" అన్నావు.

నాకు హమ్మయ్య అనిపించింది. కొడుకు ముందు తల దించే పని తప్పిందని. ఆ తర్వాత పదిమందికీ చెప్పగా చెప్పగా ఆ అబద్ధం నాకే నిజమైపోయింది. నువ్వు డ్రమ్స్ అమ్మేసి టైర్ల షాపులో చేరావు. ఎక్కడైనా పెళ్లిలో బ్యాండు మొదలైతే నువ్వు లేచి బయటికి వెళ్లిపోవడం చూసి కూడా నోరు మెదపలేదు.

పిడుగుని క్లాసులో చేర్పించు. నీకున్న లయ దానికీ ఉంటుంది. నేను నేర్పుతానని మాత్రం అనను. ఆ హక్కు నాకు లేదు.

నిన్ను తిట్టింది అందరి ముందు. అందుకే ఇంతవరకు రాసింది ఇవాళ రిహార్సల్లో అందరికీ చదివి వినిపించాను. ఎవరూ ఓదార్చలేదు. కీబోర్డు బాబాయ్ మాత్రం కళ్లు తుడుచుకుని, "టైర్లు మోసి మోసి వాడి చేతులు ఎలా అయ్యాయో చూశావా ఎప్పుడైనా?" అని అడిగాడు. ఆరేళ్లుగా నీ చేతుల వంక చూసే ధైర్యం నాకు లేకపోయింది రా.

ఇట్లు,
నీ తాళం తప్పలేదని మొదటిరోజే తెలిసిన
నాన్న