తొట్టి పక్కన అమ్మ

ప్రియమైన చెల్లికి,

నువ్వు బిగించి వెళ్ళిన గ్యాస్ తొట్టి పెరట్లో బుద్ధిగా పనిచేస్తోంది. నేను కూరగాయల తొక్కలు వేస్తున్నాను, నీ సూక్ష్మజీవులు తింటున్నాయి, పొయ్యి వెలుగుతోంది. మొదట్లో పాలు కాగడానికి కూడా చాలని మంట ఇప్పుడు రెండు పూటలా వంటకి సరిపోతోంది. నా చెయ్యి మంచిదని ఒప్పుకో!

అమ్మ కూడా తింటోంది. ఒంట్లో బలం వస్తేనే తర్వాతి చికిత్స అన్నారుగా డాక్టరుగారు. ఎండ కోసమని తొట్టి పక్కన కూర్చుంటుంది. గిన్నెడు జావ ఇస్తే ఖాళీ గిన్నె తెచ్చిస్తుంది. నువ్వేం బెంగ పెట్టుకోకు.

ఎప్పటికీ నీ అక్క

ప్రియమైన అక్కకి,

అమ్మ తింటోందంటే ప్రాణం లేచొచ్చింది. కానీ నీ గొప్పలు ఆపు తల్లీ. ల్యాబులో రోజూ నేను చేసేది ఇదే పని. వట్టి తొక్కలకి అంత మంట రాదు. అన్నమో జావో పడితేనే అవి అలా రెచ్చిపోతాయి. మిగిలిందంతా పారబోస్తున్నావా? మరీ ఎక్కువైతే తొట్టి పులిసిపోతుంది. లేక నీ వంట తినలేక బావగారు చాటుగా దానికి పెడుతున్నారా?

నీ పురుగుల డాక్టరు

చెల్లీ,

నీ ఉత్తరం చదివి నవ్వుకుంటూ, మీ బావని పట్టుకుందామని వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డాను. మీ బావ కాదే. అమ్మ. అటూ ఇటూ చూసి, మూత తీసి, గిన్నె తొట్టిలోకి వంచేసింది. తర్వాత తాగినదానిలాగే మూతి తుడుచుకుంది.

వెళ్ళి అడిగితే, "గొంతు దిగట్లేదమ్మా. నువ్వంత ఆశగా కాచి ఇస్తుంటే వద్దనడానికి నోరు రాలేదు" అంది. తిట్టబోయి ఏడ్చేశాను. ఇన్నాళ్ళూ ఆ మంట చూసి మురిసిపోయానే! సెలవు ఇచ్చినా ఇవ్వకపోయినా వచ్చెయ్యి.

అక్క

ప్రియమైన చెల్లికి,

జాగ్రత్తగా చేరావా? నువ్వు చెంచాతో పట్టిన ఆ నాలుగు గుక్కలే అమ్మ ఇష్టంగా తాగింది. చివరి గిన్నె ముట్టనే లేదు. దాన్ని నేనే తొట్టిలో వంచాను.

వేసింది గ్యాస్ అవడానికి రోజులు పడతాయన్నావుగా. మీరంతా వెళ్ళాక పొయ్యి వెలిగిస్తే మంట ఎప్పటిలాగే ఎత్తుగా లేచింది. అమ్మ లేదు, అమ్మ వదిలేసిన జావ మాత్రం ఇంకా మండుతోంది. దానిమీద ఏ గిన్నే పెట్టలేకపోయాను. ఊరికే చూస్తూ కూర్చున్నాను.

ఈ రోజు మంట బాగా తగ్గిపోయింది. మీ బావ తొక్కలు తెచ్చి, వేసేదా అని అడిగారు. వద్దన్నాను. అమ్మది పూర్తిగా అయిపోయేదాకా అందులో ఇంకేమీ కలపొద్దన్నాను.

నీ అక్క