మసర్రత్ పీకిన వైరు

తమ్ముడు ఖుర్రంకు,

శంషాబాద్ నుంచి మీ ఇంటి ఓనరు అక్క దీవెనలు. మొన్న శుక్రవారం ఈ-మెయిల్ రాలేదని నీ భార్య మసర్రత్ మీద కోపం పెట్టుకోకు. తను చెప్పుకోదు కాబట్టి నేను రాస్తున్నాను.

సౌదీ నౌకరీకి దమ్మామ్ వెళ్తూ నువ్వు "గీ పాత డబ్బాల ఇంటర్నెట్ రాదు" అన్నావు కదా! మసర్రత్ కాటేదాన్‌లో పాత మోడెం వెతికి తెచ్చి, కంప్యూటర్ విప్పి, తనే బిగించింది. మా హాల్లోని ఫోన్ వైరును తన గదిదాకా లాగింది. కీచుమంటూ లైను కలిసినప్పుడు నేనైతే దండం పెట్టాను, డబ్బాకు కాదు, ఆ పిల్లకు.

కానీ గల్లీ మొత్తానికీ మా ఫోనే దిక్కు. కూతురి కాన్పు కబురు కోసం లచ్చమ్మ పొద్దుటి నుంచీ మా అరుగు మీదే కూర్చుంది. నీకు రాసిన ఈ-మెయిల్ సగం పోతుండగా మెల్లగా అడిగింది: "బిడ్డా, గిది నడుస్తుంటే దవాఖాన ఫోన్ రాదా ఏంది?"

మసర్రత్ వెంటనే వైరు పీకి ఫోన్‌కు పెట్టింది. కాసేపటికే మోగింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. ఆ తర్వాత రాత్రిదాకా లచ్చమ్మ చుట్టాల ఫోన్లే.

ముందు ఈ ఉత్తరం నీకు చేరేందుకు రోజులు పడతాయి కదా, అందుకే రంజాన్ మొదటి శుక్రవారం మళ్లీ మెయిల్ పంపడానికి కూర్చుంటుందట. లచ్చమ్మ ఇప్పటికే ఇంటింటికీ తిరిగి చెప్పింది: "గా పూట ఎవ్వరూ ఫోన్ అడగొద్దు. మసర్రత్ మొగనితోటి ముచ్చట పెట్టాలె."

గల్లీ అంతా నీ కోసం ఫోన్ వదులుకుంటోంది తమ్ముడూ, జవాబు జర పెద్దగా రాయి.

ఇట్లు,
మీ ఇంటి అక్క