పెనుమూడి రేవులో రాని కాకి

నాన్నా,

నిన్న పెనుమూడి రేవులో నీ సంవత్సరీకం పెట్టారు. పిండం పెట్టి గంటసేపు ఎండలో నిలబడ్డా కాకి రాలేదు.

"నాన్నగారికి ఏదో కోరిక మిగిలిపోయింది బాబూ. ఏదైనా మాట ఇవ్వండి," అన్నారు పంతులుగారు.

"కోరిక కాదండి, తమ్ముడి మీద కోపం. ఆస్పత్రికి ఒక్కసారీ రాలేదు," అన్నాడు పెద్దన్నయ్య.

"తెనాలి నుంచి రేపల్లె రావడానికి నీకు మాత్రం ఎన్ని బస్సులు దొరికాయేంటి?" అన్నాడు చిన్నన్నయ్య.

నువ్వుంటే నవ్వేవాడివి. నీ రష్యన్ నవలలో సాధువు చనిపోతే ఊరంతా అద్భుతం కోసం కాచుకుంటుంది. శవం వాసన రాగానే సగంమంది భక్తి పోతుంది. "అద్భుతం జరిగితేనే నిలిచేది నమ్మకమేంట్రా?" అని అన్నయ్యలకి చెప్పేవాడివి. ఆ నవల వాళ్ళకే చదివి వినిపించేవాడివి. నేను వచ్చి గుమ్మంలో కూర్చోగానే "కాఫీ పెట్టమ్మా" అనేవాడివి. వంటింట్లోంచి విన్నంతే నాకు దక్కింది.

అందులో తండ్రి హత్య జరిగితే, చంపని కొడుకు కూడా తప్పు తనదేనంటాడు. నిన్న రేవులో ఆ మాట ఎవరూ అనలేదు. చెంబు పట్టుకుని నిలబడ్డ నేనూ అనలేదు. చివరికి పిండాన్ని కృష్ణలో కలిపేశారు.

నీ కోరికేంటో నాకు తెలుసు. చూపు పోయాక, ఆ నవల చివరి అధ్యాయం చదివి వినిపించమని నన్ను మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ "పొయ్యి మీద పాలున్నాయి నాన్నా" అన్నాను.

పొయ్యి మీద ఏమీ లేదు.