ఎస్సై చెప్పిన దొంగదారి

కర్నూలు,
ఆదివారం.

తమ్ముడు ఉమామహేశ్‌కు,

రెండు రోజులుగా నీ ఫోన్ ఎత్తలేదు. కోపం కాదు, మాట్లాడే ఓపిక లేదు.

ఫ్యాక్టరీ యజమాని ఫిర్యాదు మీద పోలీసులు నా ల్యాప్‌టాప్ తీసుకెళ్లి నెల దాటింది. నాపరాళ్ల ఫ్యాక్టరీ దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన పదకొండుమంది కూలి ఆడవాళ్లు నా పత్రిక కథనం కోసం చెప్పినవన్నీ పేర్లతో సహా అందులోనే ఉన్నాయి. ఆ పేర్లు యజమానికి తెలిస్తే వాళ్ల పని పోతుంది. అందుకే కదా పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేకుండా డిస్క్ మొత్తానికి నీ చేత తాళం వేయించుకున్నాను.

ఎస్సై నన్ను నాలుగుసార్లు పిలిపించాడు. మొన్న నవ్వుతూ, "పాస్‌వర్డ్ మీరు చెప్పకపోతే ఏం మేడమ్? ఇట్లాంటి తాళాలకు సర్కారు కాడ దొంగదారి ముందే ఉండాది" అన్నాడు. అదే నిజమైతే ఇన్నాళ్లూ నేను నోరు మూసుకుని తిరిగింది ఎందుకు? ఆ రోజే నిన్ను అడిగితే, "ఆ తాళమేసే ప్రోగ్రామును శానామంది పరీక్ష చేసినారు, ఏమీ దొరకలేదు. అయినా ఒట్టేసి చెప్పలేనక్కా" అన్నావు.

నిన్న సుంకులమ్మ ఇంటికి పోయి ఉన్నదంతా చెప్పేశాను. ఆ పదకొండుమందిలో ఆమే పెద్దది. దగ్గు తగ్గేదాకా ఆగి, "ఆ పెట్టె సంగతి నాకేం తెలుస్తాదమ్మా? నేను నిన్ను నమ్మి చెప్తి. నువ్వు మాత్రం చెప్పొద్దు" అనింది.

దొంగదారి ఉందో లేదో వెతకడం నువ్వు కూడా ఆపి, కాస్త నిద్రపో. రేపు మళ్లీ స్టేషన్‌కు రమ్మన్నారు. పోతాను. చెప్పను.

మీ అక్క