నానమ్మ లాకెట్‌లో జుట్టు

నాక్స్‌విల్, టెన్నెసీ
ఏప్రిల్, 1905

చిరంజీవి కెజయాకి,

చిన్నాన్న దీవించి రాసేది. అంతర్యుద్ధంలో పోయిన మా నాన్న ఆసా హెన్‌స్లీ పేరు మన ఊరి చర్చి ముందు రాతి మీద చెక్కిస్తున్నాను. పక్కన మా అమ్మ పేరు కూడా. వచ్చే నెల ఆవిష్కరణ. ఆరోజు చదవడానికి మన వంశచరిత్ర రాస్తున్నాను. నాన్న పోయేనాటికి నేను కడుపులో ఉన్నాను. టోపీ పెట్టుకున్న ఆ ఒక్క ఫోటోలో చూడటమే. అమ్మ మెడలోని లాకెట్‌లో ఆయన జుట్టు ఉందిగా, ఏ రంగో చూసి రాయి. అమ్మకి చెప్పకు.

మీ చిన్నాన్న
లెమ్యూల్ హెన్‌స్లీ

తా.క.: మందులషాపువాడి తలనూనె మూడో సీసా కూడా దండగే. అక్కడ ఏదైనా పసరు దొరికితే పంపు.

లారెల్ లోయ

చిన్నాన్నకి నమస్కారాలు.

నానమ్మ కునుకు తీస్తుంటే మూత తీశాను. ఎర్రటి జుట్టు. బాగా ముతక.

కెజయా

తా.క.: మన ఇంట్లో అందరిదీ నల్లజుట్టే కదా? ఈ లోయలో ఎర్రజుట్టు పిండిమర బర్డెట్‌కే ఉండేదట.

నాక్స్‌విల్

కెజయా,

నీ ఉత్తరం అందింది. నా గడ్డంలో ఎర్ర వెంట్రుకలున్నాయి. నా చిన్నప్పుడు ఆ బర్డెట్ మనకి పిండి ఊరికే ఇచ్చేవాడు. ఎందుకిచ్చినట్టు? అమ్మని అడుగు, మెల్లగా.

చిన్నాన్న

తా.క.: రాయి చెక్కేవాణ్ని అమ్మ పేరు దగ్గర ఆగమన్నాను.

లారెల్ లోయ

చిన్నాన్నకి,

అడిగాను. నానమ్మ చిక్కుడుకాయలు వలుస్తూనే, "అది మీ తాతది కాదే. ఆయన పోయాక నాకు తోడున్నవాడిది. మొండిఘటం, నా మాట తప్ప ఇంకెవరి మాటా వినేవాడు కాదు" అని కళ్లు తుడుచుకుంది. ఇంకేం అడగను?

కెజయా

తా.క.: కొట్టంలో పడుకునేవాడట. చలికాలం నానమ్మే వెళ్లి దుప్పటి కప్పేదట.

నాక్స్‌విల్

కెజయా,

రాతి మీద అమ్మ పేరు వద్దని చెప్పేశాను. ఆవిష్కరణకి నేను రాను. ఏ మొహం పెట్టుకుని రాను?

లెమ్యూల్

తా.క.: ఇంటిపేరు రాయడానికి చెయ్యి రాలేదు.

లారెల్ లోయ

ఒరేయ్ లెమ్యూల్,

కెజయా ఏడుస్తూ నీ ఉత్తరాలన్నీ నా ఒళ్లో పడేసింది. నలభై దాటినా నీకు బుద్ధి రాలేదు.

ఆ జుట్టు జూబల్ గాడి తోకదిరా. మన కంచరగాడిద. మీ నాన్న వాడినెక్కే యుద్ధానికి వెళ్లాడు. ఒకరోజు ఖాళీ జీనుతో వాడొక్కడే వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. మీ నాన్న పోయాడని అలా తెలిసింది నాకు. తర్వాత వాడితోనే పొలం దున్ని మీ అన్నదమ్ములిద్దర్నీ పెంచాను. బర్డెట్ పిండి ఊరికేం ఇవ్వలేదు, జూబల్ వాడి బస్తాలు మోసేవాడు.

మొగుడు పోయిన ప్రతి ఆడదీ లాకెట్‌లో మొగుడి జుట్టు పెట్టుకునేది. నేనేం పెట్టుకోను? పాతికేళ్లకే మీ నాన్న తల నున్నగా గుమ్మడికాయలా ఉండేది. ఫోటోలో ఆ టోపీ ఎందుకనుకున్నావు? నువ్వూ నీ టోపీ తీసి అద్దం ముందు నిలబడు. ఎవరి కొడుకువో నీకే తెలుస్తుంది.

ఆయన పక్కన నా పేరు చెక్కించు. ఇన్నేళ్లు ఒంటరిగా ఉన్నాను, రాతి మీదైనా పక్కన ఉండనీ.

దీవెనలతో,
మీ అమ్మ
తబితా హెన్‌స్లీ

తా.క.: పసరు పంపడం లేదు. మీ నాన్న ఎలుగుబంటి కొవ్వు కూడా రుద్దాడు. దిండుకి వాసన పట్టింది గానీ ఒక్క వెంట్రుక మొలవలేదు.